ముప్ఫై రెండేళ్ళ బుడగ

డిడ్కాట్ ఊరి చివర, రైలు పట్టాలకి అవతల,
రేకుల షెడ్డులో నా పని.
ఏం చేస్తావని ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను:
సైకిల్ షాపులో ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి
బుడగల కోసం చూస్తారే, అదే.
కాకపోతే నా బుడగ గోళీకాయంత అవడానికి
ముప్ఫై రెండేళ్ళు పడుతుంది.
అంతసేపు కూర్చోలేను గనక ఒక మిషను ఇచ్చారు.

ఇవాళ బల్ల మీద
మోచేతి గొట్టాలు, ఒక వంకర మెడ మానిఫోల్డు.
ఇరవై మూడు అతుకులు. అన్నీ పాస్కో వేసినవే.
వీటిలో పారబోయేది హైడ్రోజన్,
గడ్డకట్టడానికి ఆరు డిగ్రీల ఇవతల ఆగిన ద్రవం.
తప్పించుకుంటే వాసన ఉండదు,
అంటుకుంటే పట్టపగలు మంట కనపడదు.
పాతరోజుల్లో చీపురు ముందుకు చాచి నడిచేవాళ్ళట,
చీపురు అంటుకున్న చోట మంట ఉన్నట్టు.
పాస్కో చెప్పాడు. నవ్వకుండా చెప్పాడు.

గొట్టం లోపలి గాలంతా లాగేశాను.
బయట సూదిమొన నుంచి హీలియం, పిల్లి ఊపిరంత.
నీరు పల్లమెరుగు అంటాం కదా,
హీలియం మిట్ట ఎరుగు.
అందుకే పై అతుకుతో మొదలెట్టి కిందికి రావాలి.
కింద మొదలెడితే
పైదాని చిల్లి కిందదాని నెత్తిన పడుతుంది.

పదిహేడో అతుకు దగ్గర ముల్లు కదిలింది.
ఎర్రచీటీ తీశాను. అంకె వేశాను, పక్కన అతని పేరు.
పాస్కో కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి
అతుకు వంక చూశాడు,
పిల్లాడి మీద టీచరు ఫిర్యాదు విన్నట్టు.
టీ కప్పు కింద పెట్టాడు.
"గ్యాస్ ఆపు."
ఆపాను.
ముల్లు ఆగలేదు.
ఎవరో తీరిగ్గా మెట్లెక్కుతున్నట్టు
ఎక్కుతూనే ఉంది.

వెతగ్గా వెతగ్గా, క్యాంటీన్లో
డెనీస్ యాభయ్యో పుట్టినరోజు.
వెండిరంగు బెలూన్లు రెండు, ఒకటి ఐదు, ఒకటి సున్నా.
సున్నా కుట్టు దగ్గర సన్నగా కారుతోంది.
మూలన వాటిని నింపిన సిలిండరు,
మర ఎవరూ బిగించనిది.
తలుపు బార్లా తెరిచి ఉంది.
ఇక్కడ నా మిషను మెడకి రబ్బరు రింగు,
మార్చాలి మార్చాలి అంటూ రెండు నెలలుగా మార్చనిది.

చీటీ చింపాను. క్షమించమన్నాను.
"పోన్లే, సున్నా ఫెయిలయింది" అన్నాడు పాస్కో.

కొత్త రింగు వేసి, కిటికీలు తీసి,
ముల్లు అడుక్కి దిగేదాకా కూర్చున్నాం.
ఇరవై మూడూ పాసు.

మధ్యాహ్నం నైట్రోజన్ స్నానం.
ముంచగానే ఉక్కు అరుస్తుంది,
కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు.
మరిగేది మాత్రం చలి.
మీటరుకి దాదాపు మూడు మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది లోహం.
తీసి, ఆరబెట్టి, మళ్ళీ గాలి లాగి,
మళ్ళీ పై నుంచి.
పదకొండు దగ్గర ముల్లు లేచింది.
ఈసారి ఎవరూ చెప్పకుండానే గ్యాస్ ఆపాను.
దిగింది.
పెట్టాను, ఎక్కింది. ఆపాను, దిగింది.
పదిహేడు దగ్గర ఏమీ లేదు.

పాస్కో భూతద్దం తెచ్చుకుని చాలాసేపు చూశాడు.
మచ్చ లేదు, గీత లేదు,
వెండిపట్టీలా మెరిసే అతుకు.
"కనపడదు" అన్నాడు.
కాసేపాగి, "ఇది వేస్తుంటే ఆర్గాన్ అయిపోవచ్చింది.
అవుతుందిలే అనుకున్నా" అన్నాడు.
ఎర్రచీటీ నా చేతిలోంచి తీసుకుని
తన పేరు తనే రాసుకున్నాడు,
పెద్ద అక్షరాలతో.

గ్రైండరు మొదలయ్యేసరికి నాలుగున్నర.
క్యాంటీన్లో ఐదు ఇంకా పైకప్పుని ఆనుకునే ఉంది,
సున్నా మోకాలెత్తుకి దిగింది.
డెనీస్ దాన్ని దాటుకుంటూ వచ్చి
కేకు ముక్క పాస్కో బల్ల చివర పెట్టింది,
రవ్వలు పడకుండా
పైన ఇంకో పళ్ళెం బోర్లించి.